పామ్ ఎం100 కొనొచ్చా, ఇప్పుడు వాడొచ్చా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత చేతి కంప్యూటర్లు పోగేస్తుంటానని తెలిసినప్పటి నుంచి, చుట్టాల్లో ఎవరు బీరువా సర్దినా నాకో ఫొటో వస్తుంది. "ఇదేంటో చూడు, పనికొస్తుందా?" అని. సగం సార్లు అది పామ్ ఎం100. ఆ వెనకే అవే సందేహాలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## కొనే ముందు

అసలు ఇదేంటి? ఫోనా? సిమ్ ఎక్కడ పెట్టాలి?

ఫోన్ కాదు. సిమ్ లేదు, వైఫై లేదు, కెమెరా లేదు, పాటలు రావు. పామ్ కంపెనీ 2000 ఆగస్టులో 149 డాలర్లకు తెచ్చిన చేతి కంప్యూటర్ ఇది. అపాయింట్‌మెంట్లకు డేట్ బుక్, ఫోన్ నంబర్లకు అడ్రస్ బుక్, చేయాల్సిన పనుల జాబితా, చేత్తో గీసుకునే నోట్ ప్యాడ్, ఒక క్యాలిక్యులేటర్. ప్రధానంగా ఇంతే. లోపల 16 మెగాహెర్ట్జ్ మోటరోలా డ్రాగన్‌బాల్ చిప్, 2 ఎంబీ మెమరీ, పామ్ ఓఎస్ 3.5. 160 చుక్కలు అడ్డం, 160 చుక్కలు నిలువు ఉన్న నలుపు తెలుపు స్క్రీన్. కరెంటు రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీల నుంచి. 1996లో వచ్చిన పామ్ మొదటి యంత్రం పైలట్‌లో ఉన్నది 128 కేబీ, ధర 299 డాలర్లు. నాలుగేళ్లలో సగం ధరకు పదహారు రెట్ల మెమరీ ఇచ్చారు. కాలేజీ పిల్లలు, ఇళ్లవాళ్లు కూడా కొనాలన్నది వాళ్ల ఆశ.

చవక మోడల్ కదా, ఎక్కడెక్కడ కోత పెట్టారు?

కోతలు చాలానే ఉన్నాయి. స్క్రీన్ చుక్కల లెక్క మారలేదు గానీ, పామ్ త్రీ వరసతో పోలిస్తే సైజు తగ్గించారు. దాంతో అక్షరాలూ చిన్నవయ్యాయి. ఓఎస్‌ని మార్చడానికి వీల్లేని రోమ్ (ROM) చిప్‌లో పెట్టారు, కాబట్టి 3.5 తోనే కాపురం. మెమరీ కార్డు పెట్టుకునే స్లాట్ లేదు. నిలబెట్టే క్రేడిల్ పెట్టెలో ఇవ్వలేదు, సీరియల్ కేబుల్ ఒకటి ఇచ్చారు. ఒళ్లంతా ప్లాస్టిక్.

చిత్రం ఏమిటంటే ఇప్పుడు దాన్ని కాపాడుతున్నవి ఆ కోతలే. 1999లో వచ్చిన పామ్ ఫైవ్ లోహపు ఒంటితో నాజూగ్గా ఉంటుంది, ఎం100 పక్కన పెడితే రాజకుమారుడే. కానీ దాని రీచార్జబుల్ బ్యాటరీ లోపల ఉంటుంది, ఒళ్లు జిగురుతో అతికించి ఉంటుంది. బ్యాటరీ చచ్చిపోతే వేడి చేసి విప్పాలి. ఎం100కి కిరాణా కొట్లో రెండు బ్యాటరీలు కొంటే చాలు.

పైగా అన్నీ తీసేయలేదు, కొత్తవి ఇచ్చారు కూడా. ముందు వైపు పైకి తెరుచుకునే మూత, ఆ మూతలో చిన్న కిటికీ. మూత మూసి ఉండగానే పైకి జరిపే బటన్ నొక్కితే కిటికీలో టైమ్, తేదీ కనిపిస్తాయి. ముఖం ప్లాస్టిక్ ఊడదీసి వేరే రంగుది పెట్టుకోవచ్చు. నోట్ ప్యాడ్ అప్లికేషన్ కూడా దీంతోనే మొదలైంది.

వైజర్, జైర్ కూడా దాదాపు అదే ధరకు కనిపిస్తున్నాయి. ఏది మేలు?

కళ్లజోడు పెట్టుకునే వయసైతే హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్ తీసుకోండి. పామ్‌ను మొదలుపెట్టిన జెఫ్ హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ బయటికొచ్చి పెట్టిన కంపెనీ అది. వాళ్లూ పామ్ ఓఎస్సే వాడారు. వైజర్ 1999లో వచ్చింది, స్క్రీన్ ఎం100 కంటే పెద్దది, అదీ ట్రిపుల్ ఏ బ్యాటరీలతోనే నడుస్తుంది.

జైర్ పామ్‌దే, 2002 అక్టోబరులో 99 డాలర్లకు వచ్చింది. తెల్లగా, ముద్దుగా ఉంటుంది. మెమరీ అదే 2 ఎంబీ, ఓఎస్ కొంచెం కొత్తది. కానీ బ్యాక్‌లైట్ లేదు, నాలుగు అప్లికేషన్ బటన్లకు బదులు రెండే ఉన్నాయి, రీచార్జబుల్ బ్యాటరీ లోపల ఉంటుంది. ఇరవై ఏళ్లు దాటిన లిథియం బ్యాటరీ మీద నాకు నమ్మకం లేదు. అమ్మేవాళ్లు ఛార్జింగ్ ఎక్కించి, మర్నాడు కూడా ఆన్ చేసి చూపిస్తేనే దాని జోలికి వెళ్లండి.

చూడ్డానికి ఎం100లాగే ఉండి 8 ఎంబీ ఉన్నది ఎం105. రెండూ ఒకే ధరకు దొరికితే ఆలోచించకుండా ఎం105.

కలర్ స్క్రీన్ ఉన్నదే తీసుకుంటే పోలా?

ఆటలు ఆడాలంటే సరే. డైరీ కోసమైతే వద్దు. ఆ కాలపు కలర్ స్క్రీన్లకు వెనక లైటు వెలుగుతూ ఉండాలి, దానికోసం రీచార్జబుల్ బ్యాటరీ ఉండాలి. నలుపు తెలుపు ఎం100 ఎండలో కూడా చక్కగా కనిపిస్తుంది. పైగా ఆ రంగుల లెక్కలూ అంతంత మాత్రమే. 2002లో ఎం130కి 65,536 రంగులని ప్రకటించి, తర్వాత 58,621 అని పామే ఒప్పుకుంది.

అమ్మేవాళ్లను ఏం అడగాలి? "వర్కింగ్ కండిషన్" అని రాశారు.

ఆ మాటకు అర్థం ఒకసారి ఆన్ అయిందని, అంతే. రెండు ఫొటోలు అడగండి. ఒకటి, బ్యాటరీ మూత తీసి లోపలి స్ప్రింగులు కనిపించేలా. తెల్లటి, పచ్చటి పొడి ఉంటే బేరం తగ్గించండి, లేదా వదిలేయండి. రెండోది, నోట్ ప్యాడ్ తెరిచి నాలుగు మూలలకూ పుల్లతో (స్టైలస్) గీతలు గీసింది. గీత వంకర్లు పోయినా, మధ్యలో తెగినా టచ్ పోయినట్టు లెక్క. నన్నడిగితే ప్రాసెసర్ వేగం, మెమరీ లెక్కల కంటే ఈ రెండు ఫొటోలే ఎక్కువ చెప్తాయి.

కేబుల్ ఇస్తున్నారా అనీ అడగండి. నేనొకసారి "పామ్ కేబుల్" అన్నారని కొంటే ఎం125ది వచ్చింది. దాని మూతి వేరు, ఎం100కి పట్టదు. "ఎం100, ఎం105" అని పేరు పెట్టి అడగడం మంచిది.

కొనకుండా ముందు రుచి చూసే దారి ఉందా?

ఉంది. క్లౌడ్‌పైలట్‌ఎము అనే ఎమ్యులేటర్ (పాత పామ్‌ను అనుకరించే ప్రోగ్రామ్) బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోన్‌లో కూడా. దానికి పామ్ రోమ్ ఫైలు (ఓఎస్ కాపీ) ఒకటి కావాలి. అరగంట వాడితే మెనూలు, పద్ధతి అర్థమవుతాయి. పుల్ల పట్టుకుని రాసే అనుభవం మాత్రం వేలితో రాదు.

## చేతికొచ్చిన రోజు

కొత్త బ్యాటరీలు వేసినా ఆన్ కావట్లేదు. పోయినట్టేనా?

తొందరపడి పారేయకండి. నా మొదటి ఎం100 మా బావ ఇచ్చింది. బ్యాటరీలు తీయకుండా ఐదేళ్లు డ్రాయర్లో పడేశాను. తప్పు పూర్తిగా నాదే. తీసి చూస్తే స్ప్రింగు మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా ఉంది. దూదిపుల్లకు రెండు చుక్కలు వెనిగర్ అద్ది తుడిచాను. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, స్ప్రింగు కొసను సన్నటి గరుకు కాగితంతో రుద్దాను. అప్పుడు లేచింది.

తుడిచాక కూడా లేవకపోతే, బ్యాటరీలు తిరగేసి పెట్టలేదు కదా అని చూసి, వెనక ఉన్న చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్ కొసతో మెల్లగా నొక్కండి. అది సాఫ్ట్ రీసెట్. కొన్నిసార్లు ఆన్ అయినా కాంట్రాస్ట్ పూర్తిగా తగ్గిపోయి ఏమీ కనిపించదు. స్క్రీన్‌ను ఏటవాలుగా పట్టుకుని, లైటు కింద చూడండి.

నొక్కిన చోట కాకుండా పక్కన తగులుతోంది. టచ్ పాడైందా?

చాలాసార్లు కాలేదు. ఈ స్క్రీన్ ఒత్తిడితో పనిచేస్తుంది. రెండు పలుచటి పొరలు ఒకదానికొకటి తగిలిన చోటును కొలుస్తుంది, ఆ కొలత ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతుంది. ప్రిఫరెన్సెస్‌లో డిజిటైజర్ అని ఉంటుంది. అది తెరిస్తే మూలల్లో గురి గుర్తులు వస్తాయి, వాటి మధ్యలో పుల్ల కొసతో నొక్కండి. ఆ తర్వాత కూడా ఒకే పక్క తేడా వస్తుంటే ముఖం ప్లాస్టిక్ ఊడదీసి, అంచు కింద దుమ్ము, బిస్కెట్ పొడి లాంటివి ఇరుక్కున్నాయేమో చూడండి. అంచున ఒక్క రవ్వ నొక్కుతూ ఉన్నా యంత్రానికి అది వేలే.

పాత ఓనరు నంబర్లన్నీ అలాగే ఉన్నాయి. ఎలా చెరిపేయాలి?

పవర్ బటన్ నొక్కి పట్టుకుని, వెనక రీసెట్ రంధ్రంలో క్లిప్‌తో నొక్కి వదలండి, తర్వాత పవర్ వదలండి. అంతా చెరిపేయనా అని అడుగుతుంది. పైకి జరిపే బటన్ నొక్కితే అవును అని. ఇంకేది నొక్కినా వద్దని. ఓఎస్, దాంతో వచ్చిన అప్లికేషన్లు చెక్కు చెదరవు, అవి వేరే చిప్‌లో ఉంటాయి. చెరిపే ముందు ఆ ఓనరు తెలిసినవాళ్లైతే ఒకమాట అడగండి. చనిపోయిన పెద్దాయన చేతిరాత నోట్ ప్యాడ్‌లో దొరికిన ఇల్లు నాకు తెలుసు.

ఈ సంవత్సరం తేదీ తీసుకుంటుందా?

తీసుకుంటుంది, 2031 డిసెంబరు 31 వరకు. పామ్ ఓఎస్ క్యాలెండర్ 1904 నుంచి మొదలవుతుంది, సంవత్సరానికి ఏడు బిట్లు కేటాయించారు. అంటే 0 నుంచి 127 వరకు లెక్క. 1904కి 127 కలిపితే 2031. ఆ తర్వాత డేట్ బుక్ డైరీగా పనికిరాదు.

## వాడకం మొదలయ్యాక

గ్రాఫిటీ రాయడం రావట్లేదు. ఎన్నాళ్లు పడుతుంది?

పట్టుబట్టి రాస్తే రెండు మూడు రోజులు. గ్రాఫిటీ అంటే ఒక్కో ఇంగ్లిష్ అక్షరాన్ని పుల్ల ఎత్తకుండా ఒకే గీతలో రాయడం. ఏ అంటే గుడిసె పైకప్పు, మధ్య అడ్డగీత ఉండదు. టీ అంటే ఎడమ నుంచి కుడికి గీసి కిందికి దించడం. అదే కుడి నుంచి ఎడమకు గీసి కిందికి దించితే ఎఫ్. కే చూడ్డానికి చేపలా ఉంటుంది. అడుగున ఉన్న పెట్టెలో ఎడమ సగం అక్షరాలకు, కుడి సగం అంకెలకు. ఎడమ నుంచి కుడికి అడ్డగీత ఖాళీ, కుడి నుంచి ఎడమకు గీస్తే చెరుపు. కింది నుంచి పైకి గీత గీస్తే తర్వాతి అక్షరం పెద్దక్షరం.

అందరూ తడబడేది వీ దగ్గర. మామూలుగా రాస్తే యూ అని చదువుతుంది. కుడివైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి రాయండి, తప్పు పోదు. ఇంకో తప్పు చిన్నగా రాయడం. పలక మీద మొదటిసారి దిద్దినట్టు పెట్టె నిండా పెద్దగా రాయండి. అప్పటికీ గుర్తు రాకపోతే ఎడిట్ మెనూలో గ్రాఫిటీ హెల్ప్ ఉంది. పెట్టె మూలన ఉన్న ఏబీసీ మీద నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. దానికి అలవాటు పడితే గ్రాఫిటీ ఎప్పటికీ రాదు, అది వేరే సంగతి.

ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకునేవాళ్లు ఒకటి గమనించాలి. జిరాక్స్ కంపెనీతో పేటెంట్ తగాదా వల్ల 2003 నుంచి కొత్త మోడళ్లలో గ్రాఫిటీ 2 వచ్చింది. అందులో టీ, కే లాంటివి రెండు గీతలు. ఎం100లో ఉన్నది పాతదే.

తెలుగు వస్తుందా?

టైపు చేయడానికి రాదు. ఇందులో ఉన్నవి ఇంగ్లిష్, యూరప్ భాషల అక్షరాలు. మెమోలో తెలుగు రాయాలంటే మనం మెసేజ్‌లలో రాసుకున్నట్టు ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

కానీ నోట్ ప్యాడ్‌కి భాషతో పని లేదు. మీరు గీసింది బొమ్మగా దాచుకుంటుంది. నా దాంట్లో ఇప్పుడున్న నోట్: "పాలు, పెసరపప్పు, గ్యాస్". మూడు మాటలకే తెర నిండిపోయింది. "గ్యాస్"లో య వత్తు పప్పు మీద ఎక్కింది, నాకు తప్ప ఎవరికీ అర్థం కాదు. నాకైతే చాలు. దాని మీద అలారం కూడా పెట్టుకోవచ్చు. వెతకడం మాత్రం కుదరదు, ఎందుకంటే యంత్రానికి అది రాత కాదు, గీతలు.

మన భాషల గురించి ఆ రోజుల్లో ఆలోచించిన చేతి కంప్యూటర్ వేరే ఉంది. బెంగళూరులో ఐఐఎస్‌సీ వాళ్లు, ఎన్‌కోర్ కంపెనీ వాళ్లు కలిసి రూపొందించిన సింప్యూటర్. 2004లో అమిడా పేరుతో అమ్మకానికొచ్చింది. ఆ దారి వేరు, దాన్నీ ఎం100నూ ఒకే గాటన కట్టలేం.

2 ఎంబీలో ఏం పడుతుందండీ? ఒక ఫొటో కూడా పట్టదు కదా!

ఫొటో పట్టదు. రాత పడుతుంది. ఒక చిరునామా వంద, రెండు వందల బైట్లు. వెయ్యి మంది నంబర్లు ఎక్కించినా 200 కేబీ దాటడం కష్టం. మెమో ఒక్కోటి సుమారు 4 వేల అక్షరాల దాకా ఉండొచ్చు, అంతకు మించితే రెండో మెమో. అప్లికేషన్లు కూడా ఆ రోజుల్లో పదుల కేబీల్లోనే ఉండేవి. నిఘంటువులు, పుస్తకాలు ఎక్కించడం మొదలుపెడితే మాత్రం త్వరగా ఇరుకవుతుంది.

బ్యాటరీలు ఎన్నాళ్లొస్తాయి? రీచార్జబుల్ వేయొచ్చా?

రోజూ కాసేపు చూసుకుంటే వారాలు గడుస్తాయి. మీరు తెర మీద నొక్కే మధ్యలో ప్రాసెసర్ కునుకు తీస్తుంటుంది, తెరకు సొంత వెలుగు లేదు, తిరిగే డిస్కు లేదు. అందుకే అంత పొదుపు. బ్యాక్‌లైట్ వెలిగించి వాడితే మాత్రం లెక్క తారుమారు.

రీచార్జబుల్ వేయొచ్చు. అవి 1.2 వోల్టులు, మామూలువి 1.5. అందుకే నిండుగా ఉన్నా మీటరు సగమే చూపిస్తుంది, కంగారు పడకండి. అయితే అవి చివర్లో ఉన్నట్టుండి పడిపోతాయి. ముఖ్యమైన రాతలుంటే ఆల్కలైన్ వేయడమే నా సలహా.

బ్యాటరీలు మార్చగానే మొత్తం ఖాళీ అయిపోయింది. ఎందుకలా?

మీ రాతలన్నీ ఉండేది కరెంటుతో బతికే మెమరీలో. ఆఫ్ చేసినా దానికి బ్యాటరీ నుంచి కొంచెం కరెంటు అందుతూనే ఉంటుంది. బ్యాటరీలు తీసినప్పుడు లోపలి కెపాసిటర్ కొద్దిసేపు నిలబెడుతుంది. కొత్త యంత్రానికే నిమిషంలోపు మార్చాలని చెప్పేవారు. ఎం100లో అదీ నిలవట్లేదని అప్పట్లోనే ఫిర్యాదులుండేవి. ఇన్నేళ్ల కెపాసిటర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నేను చేసేది ఇది: ముందు కంప్యూటర్‌కి కాపీ తీసుకుంటాను. పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆగను, ఆఫ్ చేస్తాను, కొత్తవి కవరు చించి పక్కన పెట్టుకుంటాను, ఒకటి తీసి ఒకటి వేస్తాను. ఈ యంత్రంలో ఉన్న నిజమైన టెన్షన్ ఇదొక్కటే.

ప్రైవేట్ అని గుర్తు పెడితే పాస్‌వర్డులు రాసుకోవచ్చా?

వద్దు. ఆ గుర్తు రాతను కనబడకుండా దాస్తుందే తప్ప తాళం వేయదు.

## కంప్యూటర్‌తో కలపడం

ఇప్పటి ల్యాప్‌టాప్‌కి ఎక్కుతుందా? సీరియల్ పోర్టే లేదు కదా.

ఎక్కుతుంది, ఓపిక కావాలి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే చిన్న అడాప్టర్ ఒకటి కొనండి. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్నది నన్నెప్పుడూ తిప్పలు పెట్టలేదు. నేను వాడే పద్ధతి లినక్స్‌లో జె-పైలట్ అనే ప్రోగ్రామ్. విండోస్ కావాలంటే వర్చువల్ మెషిన్‌లో ఎక్స్‌పీ పెట్టి పామ్ డెస్క్‌టాప్ 4.1 వేసుకోవచ్చు. హాట్‌సింక్ (పామ్, కంప్యూటర్ రాతలను కలపడం) మధ్యలో తెగిపోతుంటే సెట్టింగుల్లో వేగం తగ్గించండి. మిగతావన్నీ సరిగా ఉన్నా ఈ ఒక్కటి మార్చనందుకు ఒక ఆదివారం పోగొట్టుకున్నాను.

యూఎస్‌బీ ఉన్న పామ్‌లైతే సులువు అనుకుంటారు. తీరా చూస్తే 64 బిట్ విండోస్‌కి పామ్ యూఎస్‌బీ డ్రైవర్లు ఇవ్వనే లేదు. సీరియల్‌కి పామ్ డ్రైవర్‌తో పని లేదు, అడాప్టర్‌ది ఉంటే సరిపోతుంది.

ఇద్దరి దగ్గరా పామ్ ఉంటే కేబుల్ లేకుండా పంపుకోవచ్చా?

పంపుకోవచ్చు. ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉంది. రెండింటి కళ్లనూ ఎదురెదురుగా, మీటరు లోపు పట్టుకోవాలి. మీ వివరాలను బిజినెస్ కార్డుగా పెట్టుకుంటే, అడ్రస్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోగానే అవతలివాళ్లకు వెళ్లిపోతాయి.

## తేల్చుకోవడం

బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి? నాకు స్పీడు టెస్టులేవీ దొరకట్లేదు.

స్పీడు చూడక్కర్లేదు. డేట్ బుక్ నుంచి అడ్రస్ బుక్‌కి బటన్ నొక్కగానే వెళ్తుంది, సేవ్ చేయమని అడగదు. ఫైళ్లు తెరవడం, మూయడం లేవు.

పని ఎక్కువగా ఉన్న ఒక వారం చూసుకోండి. ఇంట్లో పెళ్లి పనులో, బ్యాంకు చుట్టూ తిరగడమో. ఆ వారం పనులన్నీ ఇందులోనే రాయండి, ఫోన్‌లో రాయకండి. మూడో రోజుకి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, ఆ చిన్న తెర మీ కళ్లకు పడుతుందా. నాకు రాత్రిపూట పడలేదు, బ్యాక్‌లైట్‌తో కూడా. రెండు, పని గుర్తొచ్చిన క్షణానికీ రాయడం మొదలుపెట్టిన క్షణానికీ మధ్య మీరేం చేస్తున్నారు. ఫోన్ తీస్తే నాలుగు నోటిఫికేషన్లు చూసి, ఎందుకు తీశానో మర్చిపోతాను. ఎం100 తీస్తే చూడ్డానికి ఇంకేమీ ఉండదు. నాకు ఆ ఒక్క గుణం కోసమే దాన్ని ఉంచుకోవాలనిపించింది. మీకది గుణంగా కాక లోపంగా తోస్తే, కొనొద్దు.

వాడను గానీ దాచుకుంటాను. ఎలా పెట్టాలి?

కాపీ తీసుకున్నాక బ్యాటరీలు తీసేయండి. మూత వేసి, పుల్ల దాని గాడిలోనే ఉందో లేదో చూసి, జిప్ కవరులో పెట్టండి. కేబుల్ కూడా అదే కవరులో వేసి, "ఎం100 కేబుల్" అని చీటీ రాసి చుట్టండి. చీటీ లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు అది ఏ ప్రింటర్‌దో అనుకుని పారేస్తారు. మా ఇంట్లో అలాగే పోయింది.